పనిలో దెబ్బ తగిలాక మళ్లీ డ్యూటీలో చేరాలంటే ఫిజియోథెరపీని ఎలా వాడుకోవాలి

బరువు ఎత్తుతుంటే నడుం పట్టేసింది, నిచ్చెన మీంచి జారి భుజం దెబ్బతింది, రోజంతా ఒకే పని చేసీ చేసీ మణికట్టు వాచింది. డాక్టర్ చూసి, మందులు రాసి, ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. ఇక్కడిదాకా అందరిదీ ఒకటే కథ. ఆ తర్వాత కొందరు కొన్ని వారాల్లో పనిలో పడతారు, ఇంకొందరు దాదాపు అలాంటి దెబ్బకే నెలల తరబడి ఇంట్లో ఉండిపోతారు. దీనికి కారణాలు చాలానే ఉంటాయి గానీ మన చేతుల్లో ఉన్నది ఒకటుంది: ఫిజియోథెరపీ నొప్పి తగ్గడం దగ్గరే ఆగిపోకుండా, మీరు రోజూ చేసే పని దాకా వెళ్లేలా చూసుకోవడం.

ముందు కొన్ని ప్రమాద సూచనలు చెప్పాలి. నడుం దెబ్బ తర్వాత తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగబట్టినట్టయినా లేదా తెలియకుండా పోతున్నా, కాళ్లలో పట్టు తగ్గిపోతున్నా వ్యాయామాలు గట్రా పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నుపాము చివరి నరాల కట్ట నొక్కుకుపోయినప్పుడు ఇలా జరుగుతుంది, అప్పుడు గంటలు కూడా లెక్కే. జ్వరంతో కూడిన నడుం నొప్పి, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా వేధించే నొప్పి, పిక్క ఒక్కసారిగా వాచి వేడిగా ఉండటం, ఇవి కూడా డాక్టర్‌కి చూపించాల్సినవే. ఎముక విరిగినా, ఆపరేషన్ జరిగినా సర్జన్ పెట్టిన హద్దులే ముందు, కింద రాసినవన్నీ వాటి తర్వాతే.

దెబ్బ తగిలిన రోజే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఏం జరిగింది, ఎన్ని గంటలకి, ఏం చేస్తుండగా, ఎవరు చూశారు అన్నది రాతపూర్వకంగా పై అధికారికి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నోటి మాటగా చెప్పి వదిలేస్తే, నష్టపరిహారం మాట వచ్చేసరికి దెబ్బ పనిలోనే తగిలిందని నిరూపించుకోవడం మీకే కష్టమవుతుంది.

ఇక విశ్రాంతి సంగతి. మామూలు నడుం నొప్పికి వారాల తరబడి మంచం మీద ఉండటం మేలు చేయకపోగా కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. కదలకుండా ఉంటే కండరం త్వరగా కరిగిపోతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, అన్నిటికంటే మించి "కదిలితే ఏమవుతుందో" అన్న భయం పెరుగుతుంది. ఆ భయం తర్వాత నొప్పి కంటే మొండిగా తయారవుతుంది. మొదటి రెండు మూడు రోజులు పనులు తగ్గించుకోండి, తర్వాత ఓర్చుకోగలిగినంత మేర ఇంట్లో నడవడం, మీ పనులు మీరు చేసుకోవడం మొదలుపెట్టండి.

మొదటిసారి ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు

చాలామంది ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అన్నది చెప్పి ఊరుకుంటారు. మీ పని గురించి అంతకంటే ఎక్కువ చెప్పండి. "గోడౌన్‌లో పని" అంటే వాళ్లకి ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: పెట్టె సుమారు 20 కిలోలు ఉంటుంది, నేల మీంచి తీసి ఛాతీ ఎత్తులో ఉన్న అరలో పెట్టాలి, మధ్యలో ఎడమ పక్కకి తిరగాలి, గంటకి ఇన్నిసార్లు, షిఫ్టు ఎనిమిది గంటలు, మధ్యలో ఇంత విరామం. వీలైతే తోటి ఉద్యోగి ఎవరైనా ఆ పని చేస్తుండగా, వాళ్ల అనుమతితో, పై అధికారి ఒప్పుకుంటే చిన్న వీడియో తీసి చూపించండి. కుర్చీ పని అయినా అంతే, స్క్రీన్ ఎంత ఎత్తులో ఉంది, మౌస్ ఎంత దూరంలో ఉంది, ఫోన్ ఎలా పట్టుకుంటారు అన్నవన్నీ పనికొచ్చే వివరాలే.

ఇంత వివరం ఎందుకంటే, శరీరం మీద పడే భారం కిలోలతోనే తేలదు. అమెరికాలో వృత్తి భద్రతని పరిశోధించే నియోష్ సంస్థ 1991లో సవరించిన బరువు సూత్రంలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా పైహద్దు 23 కిలోలే. వస్తువు ఒంటికి దూరంగా ఉన్నా, నేల మీంచి ఎత్తాల్సి వచ్చినా, నడుం మెలితిప్పాల్సి వచ్చినా, అదే పని మాటిమాటికీ చేయాల్సి వచ్చినా ఆ అంకె తగ్గుతూ పోతుంది. అంటే ఒంటికి ఆనించి ఎత్తే 15 కిలోలు ఇబ్బంది పెట్టకపోవచ్చు, చేతులు చాచి పక్కకి తిరిగి ఎత్తే 8 కిలోలు పట్టేయొచ్చు. మీ ఫిజియోకి ఈ తేడా తెలియాలంటే మీరు చెప్పాల్సిందే.

స్కానింగ్ రిపోర్టు చూసి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కొంచెం బయటికి ఉబ్బడం) అని రాసి ఉండగానే ఇక బరువులు ఎత్తలేమని చాలామంది తీర్మానించేసుకుంటారు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లని పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది, 80 ఏళ్ల వాళ్లలో అది 84 శాతం. కాబట్టి రిపోర్టులో ఉన్న ప్రతి మాటా మీ నొప్పికి కారణం అయ్యుండాలని లేదు, మీ లక్షణాలతో కలిపి చూడాలి.

వ్యాయామాలు ఎంత, ఎలా

మెషీన్ కింద పడుకుని కరెంటు పెట్టించుకుని వచ్చేస్తే ఫిజియోథెరపీ అయిపోయిందనుకునేవాళ్లు ఎక్కువ. బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్సా మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుం నొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్ మెషీన్లు (చర్మం మీద చిన్నగా కరెంటు పెట్టేవి), బెల్టులు, ట్రాక్షన్ (నడుముని లాగి పట్టడం) ఇవ్వొద్దనే చెప్పింది. కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటే పెట్టుకోండి, తప్పు లేదు. కానీ మిమ్మల్ని మళ్లీ పెట్టె ఎత్తించేది మీరు చేసే కసరత్తే. వెళ్లిన ప్రతిసారీ మెషీన్లే పెట్టి పంపిస్తుంటే, "నా పనికి పనికొచ్చే వ్యాయామం ఎప్పుడు మొదలుపెడదాం?" అని మొహమాటపడకుండా అడగండి.

నొప్పి వస్తే ఆపేయాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. 0 నుంచి 10 దాకా కొలత అనుకుంటే, చాలా దెబ్బలకి వ్యాయామంలో 3, 4 దాకా నొప్పి ఫరవాలేదు, మర్నాటికల్లా అది మామూలు స్థాయికి దిగిపోతే చాలు. దిగకపోతే ఆ రోజు మోతాదు ఎక్కువైందని అర్థం, తర్వాతిసారి కొంచెం తగ్గించండి, మొత్తానికి మానేయకండి. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకుని రోజుకి ఒక్క లైన్ రాసుకుంటే సరిపోతుంది: "గుంజీలు 3 సార్లు పదేసి, 5 కిలోలతో. చేస్తుంటే నొప్పి 3, పొద్దున్నే 1." తర్వాత ఎంత పెంచాలన్నది ఫిజియో ఈ లైన్లు చూసే చెప్పగలుగుతారు.

పెట్టెలు ఎత్తే మనిషినే తీసుకుందాం. మొదట బరువు లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తుంటి దగ్గర వంగి లేవడం. అది తేలికయ్యాక ఖాళీ పెట్టెని బల్ల మీంచి బల్ల మీదకి. తర్వాత అందులో 3, 5, 8 కిలోలు. ఆ తర్వాత స్టూలు ఎత్తు నుంచి, చివరికి నేల మీంచి. అప్పుడు పక్కకి తిరగడం కలపాలి, ఆఖర్న వేగం, ఎక్కువసేపు చేయడం. ఒకసారి ఒకటే మార్చండి, బరువూ ఎత్తూ రెండూ కలిపి పెంచితే తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు. ఈ చివరి భాగాన్నే చాలామంది వదిలేస్తారు. ఇంట్లో పదిసార్లు 20 కిలోలు ఎత్తగలగడం వేరు, ఆరో గంటలో అలసిపోయి ఉన్నప్పుడు ఎత్తగలగడం వేరు.

మళ్లీ డ్యూటీలోకి

నొప్పి సున్నా అయ్యేదాకా ఆగాల్సిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు. పనికి దూరంగా ఉన్న కాలం పెరిగేకొద్దీ తిరిగి చేరే అవకాశం తగ్గుతూ పోతుందన్నది ఈ రంగంలో అందరూ చూసేదే. అలాగని ఒకేసారి పూర్తి షిఫ్టులోకి దూకడమూ మంచిది కాదు. డాక్టర్, ఫిజియో, పై అధికారి ముగ్గురికీ తెలిసేలా ఒక ప్లాన్ రాయించుకోండి. "లైట్ డ్యూటీ" అని రెండు ముక్కలు రాస్తే ఎవరికి నచ్చినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు, చివరికి మీకు పాత పనే అంటగడతారు. ఇలా రాయమని అడగండి: మొదటి రెండు వారాలు రోజుకి నాలుగు గంటలు, 8 కిలోలు మించి ఎత్తకూడదు, నేల మీంచి ఎత్తడం వద్దు, గంటకోసారి ఐదు నిమిషాలు కదలడానికి వీలుండాలి, ఫలానా తేదీన మళ్లీ చూసి పెంచాలి. ఈ అంకెలు ఉదాహరణకే, మీవి మీ దెబ్బని బట్టి, మీ నోటుబుక్‌ని బట్టి ఉంటాయి. తేదీ మాత్రం తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆ హద్దులు అలాగే ఉండిపోతాయి.

చేరిన కొత్తలో నొప్పి తిరగబెట్టడం మామూలే. మళ్లీ దెబ్బతిందని బెంబేలెత్తిపోకండి. ప్రమాద సూచనలు ఏవీ లేకపోతే రెండు రోజులు మోతాదు సగానికి తగ్గించి, కదలడం ఆపకుండా, మళ్లీ మెల్లగా పెంచండి. ప్రతి వారం తిరగబెడుతుంటే, లేదా తిమ్మిరి, బలహీనత పెరుగుతుంటే మాత్రం వెనక్కి వెళ్లి చూపించుకోండి.

డ్యూటీలో కుదురుకున్నాక కూడా వారానికి రెండు మూడుసార్లు ఆ వ్యాయామాలు కొన్ని నెలలు కొనసాగించండి. లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు), టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) నొప్పి పోయిన తర్వాత కూడా నెలల తరబడి గట్టిపడుతూనే ఉంటాయి. దెబ్బ తగిలిన చోట ఏమైనా మారిందేమో కూడా చూడండి. బరువైన పెట్టెలు ఇంకా నేల మీదే పెడుతుంటే వాటిని నడుం ఎత్తు అరలోకి మార్చమనో, ట్రాలీ ఇవ్వమనో రాతపూర్వకంగా అడగండి, మీ పక్కన అదే పని చేసేవాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి.