బుల్లి రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం) పెట్టేముందు ఇవి చూస్కోండి

- చిన్నది కదా ఈజీ అనుకోకండి, అంతా రివర్స్. 10 లీటర్ల ట్యాంకులో నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది, దాంతో సాలినిటీ (నీళ్ళలో ఉప్పు శాతం) రోజురోజుకీ ఎక్కిపోతుంది. అందుకే గ్లాసు మీద మార్కర్‌తో గీత గీసి రోజూ ఆ గీత దాకా ఉత్త ఆర్వో నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. నేను మూడ్రోజులు ఊరెళ్ళొచ్చేసరికి నీళ్ళు గీతకి వేలెడు కిందున్నాయి, మష్రూమ్ కోరల్ (ఓ రకం పగడం) ముడుచుకుపోయి బటాణీ గింజంత అయింది పాపం.

- ఉప్పు ముందురోజే వేరే బకెట్లో కలపండి, లీటరుకి సుమారు 35 గ్రాములు, రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు కొలిచే పరికరం) సాంద్రత 1.025 దగ్గర చూపించాలి. టెంపరేచర్ 25 డిగ్రీలు.

- కుళాయి నీళ్ళు వద్దు. క్లోరిన్ సంగతి అటుంచితే, రాగి కలిసిందంటే రొయ్యలు, నత్తలు బతకవు.

- లైవ్ రాక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న రాయి) పెట్టాక నీళ్ళలో అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు సున్నాకి వచ్చేదాకా ఏ జీవినీ వెయ్యొద్దు, నెల పట్టినా సరే. నన్నడిగితే ఇంత చిన్నదాంట్లో చేపలు అసలే వద్దు.

- ట్యాంకు జరపాలంటే నిండుగా ఎత్తకండి, సిలికాన్ జాయింట్లు ఊడతాయి. సగం పైగా నీళ్ళు శుభ్రమైన మూత డబ్బాలోకి తీసి, కింద గట్టి పలక పెట్టి ఇద్దరు మొయ్యండి, తర్వాత అవే నీళ్ళు మెల్లగా పొయ్యండి.

- వైరు ప్లగ్గు కన్నా కిందకి వేలాడేలా వదలండి, తడి సాకెట్లోకి పోదు.

- జోయాంథిడ్స్ (పగడాల్లాంటి జీవులు) ముట్టుకుంటే గ్లవ్స్, కళ్ళజోడు మస్ట్, కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి ఉన్న రాయిని వేడినీళ్ళలో మాత్రం ఉడకబెట్టకండి, ఆ ఆవిరి పీలిస్తే హాస్పిటలే.