షైనీ రావడం లేదా? అసలు పాచిక పడుతోందో లేదో ముందు చూసుకోండి

పోకెమాన్ వీడియో గేముల్లో నెలల తరబడి వెతికినా షైనీ (మామూలుకు భిన్నమైన రంగులో అరుదుగా వచ్చే పోకెమాన్) దొరకకపోతే అందరూ తిట్టుకునేది అదృష్టాన్నే. చాలాసార్లు పాపం దానిది కాదు. మనం వేస్తున్నామనుకున్న పాచిక అక్కడ పడటమే లేదు, లేదా ప్రతిసారీ అదే పాచిక పడుతోంది.

4096 దాటింది, ఒక్కటీ రాలేదు

ఇది లోపం కాదు. 2013 నాటి ఎక్స్, వై నుంచి షైనీ వచ్చే మామూలు ఆడ్స్ (అవకాశం) 4096లో 1. అంతకుముందు 8192లో 1. పాత లెక్క గేమ్‌కు గుర్తుండదు, ప్రతి ఎన్‌కౌంటరూ (పోకెమాన్ ఎదురుపడటం) కొత్తదే. అందుకే సరిగ్గా 4096 పూర్తిచేసినవాళ్లలో నూటికి 37 మంది ఖాళీ చేతులతోనే ఉంటారు. నూటికి 90 మందికి దొరకాలంటే దాదాపు 9,430 ఎన్‌కౌంటర్లు కావాలి. అంకె దాటిందని కంగారుపడి పద్ధతి మార్చక్కర్లేదు. ముందు కింద చెప్పినవి సరిచూసుకోండి.

కథలో వచ్చే లెజెండరీ దగ్గర వందల రీసెట్లు

షైనీ కాకపోతే గేమ్ మూసి, సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ తెరవడమే రీసెట్. లెజెండరీ (కథలో ఒక్కటే దొరికే అరుదైన పోకెమాన్) దగ్గర అది ఫలించకపోవడానికి కారణం: షైనీ లాక్. ఆ ఎన్‌కౌంటర్‌లో షైనీ రాకుండా గేమే తాళం వేసి ఉంచుతుంది. బ్లాక్, వైట్‌లో రెషిరామ్, జెక్రోమ్. స్వార్డ్, షీల్డ్‌లో జాసియన్, జమజెంటా, ఎటర్నాటస్. స్కార్లెట్, వయొలెట్‌లో కొరైడాన్, మిరైడాన్, నాలుగు రూయిన్ పోకెమాన్‌లు, ఓగర్‌పాన్, టెరాపాగోస్ అన్నీ ఇంతే. పరిష్కారం లేదు, రీసెట్లు ఆపేయడమే. స్వార్డ్, షీల్డ్, స్కార్లెట్, వయొలెట్‌లో మొదట ఇచ్చే స్టార్టర్‌కూ ఇదే తాళం. కానీ దాన్ని బ్రీడ్ చేస్తే (జతకట్టించి గుడ్డు పెట్టిస్తే) పుట్టే పిల్లకు ఉండదు.

మసూడా పద్ధతి పెట్టినా గుడ్లలో రావట్లేదు

మసూడా పద్ధతి అంటే ఇదే: గుడ్డు పెట్టే తల్లిదండ్రులు వేర్వేరు భాషల గేముల్లో పుట్టినవై ఉంటే ఆడ్స్ 683లో 1, షైనీ చార్మ్ (షైనీ అవకాశం పెంచే వస్తువు) కూడా ఉంటే 512లో 1. ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: దేశాన్ని చూసి భాష అనుకోవడం. విదేశీ స్నేహితుడి దగ్గర తీసుకున్న డిట్టో (దాదాపు ఏ పోకెమాన్‌తోనైనా జతకట్టేది) అయినా, అతను ఇంగ్లిష్‌లో ఆడుతుంటే అది ఇంగ్లిష్ డిట్టోయే. మీదీ ఇంగ్లిషే అయితే ఏ లాభమూ లేదు. ఇంకో తప్పు అంత తేలిగ్గా కనబడదు. గేమ్ పోల్చేది తల్లిదండ్రుల భాషల్ని, మీ గేమ్ భాషను కాదు. రెండూ జపనీస్‌వే అయితే అవి మీకు విదేశీవైనా మసూడా పనిచేయదు. పోకెమాన్‌లను దాచుకునే పోకెమాన్ హోమ్ యాప్‌లో రెండింటి భాషా గుర్తులు పక్కపక్కన పెట్టి చూడండి.

స్కార్లెట్, వయొలెట్‌లో గుడ్డు చేతికొచ్చేసరికే షైనీనా కాదా తేలిపోయి ఉంటుంది. పొదిగే ముందు సేవ్ చేసి రీసెట్లు కొట్టడం వృథా. శాండ్‌విచ్ తింటే వచ్చే, షైనీ అవకాశం పెంచే స్పార్క్లింగ్ పవర్ కూడా గుడ్లకు వర్తించదు.

శాండ్‌విచ్ తిన్నా తేడా లేదు

స్పార్క్లింగ్ పవర్ మూడో లెవెల్‌కు రెండు హెర్బా మిస్టికా (అరుదైన మసాలా దినుసు), వాటితో పాటు మీరు వెతికే పోకెమాన్ టైప్‌కు (సైకిక్, ఘోస్ట్ లాంటి రకానికి) సరిపడే పదార్థం కావాలి. తప్పంతా ఆ పదార్థం దగ్గరే జరుగుతుంది. మామూలు ఉల్లిపాయ సైకిక్‌ది, ఎర్ర ఉల్లిపాయ ఘోస్ట్‌ది. టమాటా ఫెయిరీది, చెర్రీ టమాటా బగ్‌ది. హామ్ గ్రౌండ్‌ది, ప్రొషూటో ఫ్లయింగ్‌ది. పేర్లు చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి, ఒకటి మారితే ఖరీదైన హెర్బాలు నీళ్లపాలే. పైన పేర్చింది జారి పడిపోయినా ఫలితం మారొచ్చు. తిన్నాక తెరమీద పవర్ పేరు, టైప్, లెవెల్ చదివాకే కదలండి.

హెర్బాలు కాపాడుకునే దారి ఇది:

1. ఆప్షన్లలో ఆటోసేవ్ ఆపండి.
2. మాస్ అవుట్‌బ్రేక్‌లో (ఒకే జాతి గుంపుగా కనిపించే చోట) 60 పోకెమాన్‌లను ఓడించండి, లెక్క మీరే పెట్టుకోండి. 30 దాటితే ఒక అదనపు పాచిక, 60 దాటితే రెండు.
3. సేవ్ చేసి, ఆ తర్వాతే శాండ్‌విచ్ చేయండి.
4. ప్రభావం 30 నిమిషాలు. పిక్నిక్ పెట్టి ఎత్తేస్తే చుట్టూ కొత్తవి వస్తాయి. ఎత్తే ముందు ఉన్నవాటిని ఒకసారి పరికించండి, చూడని షైనీ ఉంటే అదీ మాయమవుతుంది.
5. ఏమీ రాకపోతే సేవ్ చేయకుండా గేమ్ మూసి తెరవండి, హెర్బాలు తిరిగి సంచిలో ఉంటాయి.

చార్మ్, 60 ఓటములు, మూడో లెవెల్ పవర్ మూడూ కలిస్తే 512లో 1. టెరా రైడ్లలో (ఒక పోకెమాన్‌తో గుంపుగా చేసే పోరాటాల్లో) మాత్రం చార్మ్ గానీ శాండ్‌విచ్ గానీ పనికిరావు.

పాత గేమ్‌లో రీసెట్ చేసిన ప్రతిసారీ అదే నేచర్ (స్వభావం), అవే స్టాట్స్ (బలాబలాల అంకెలు)

ఎమరాల్డ్ ఆడేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. ఆ గేమ్ ఆన్ చేసిన ప్రతిసారీ యాదృచ్ఛిక సంఖ్యల వరుస సున్నా నుంచే మొదలై, సెకనుకు దాదాపు 60 అడుగులు ముందుకు నడుస్తుంది. మీరు ఎప్పుడూ ఒకే వేగంతో A బటన్ నొక్కితే ఎప్పుడూ ఒకే చిన్న కిటికీలో పడుతుంటారు. అందులో మీ ట్రైనర్ ఐడీకి (ఆటగాడికి గేమ్ ఇచ్చే సంఖ్యకు) షైనీ అయ్యే సంఖ్య లేకపోతే, పదివేల రీసెట్లకైనా రాదు. ప్రతి రీసెట్‌కూ ఆగే సమయం మార్చడమే మందు: ఒకసారి 5 సెకన్లు, ఒకసారి 40, ఒకసారి రెండు నిమిషాలు.

రూబీ, సఫైర్‌లో బ్యాటరీ అయిపోయిందని సందేశం వస్తుంటే అక్కడా ఇదే జబ్బు. సీఆర్1616 బ్యాటరీ మార్పిస్తే తగ్గుతుంది, సేవ్ ఎక్కడికీ పోదు. ఎమరాల్డ్‌కు బ్యాటరీ మార్చినా ఈ విషయంలో తేడా ఉండదు. గోల్డ్, సిల్వర్ క్యాట్రిడ్జ్‌లతో మాత్రం జాగ్రత్త, వాటి సీఆర్2025 తీస్తే సేవ్ కూడా పోతుంది.

వచ్చింది గానీ కళ్లు పట్టలేదు

స్కార్లెట్, వయొలెట్‌లో బయట తిరిగే షైనీకి మెరుపూ ఉండదు, శబ్దమూ ఉండదు. గెంగార్, గార్చాంప్, పికాచు లాంటివాటి రంగు తేడా రాత్రిపూట అస్సలు తెలియదు. అనుమానం వస్తే R బటన్ నొక్కి మీ పోకెమాన్‌ను మీదికి పంపండి. షైనీ అయితే అది కొట్టకుండా ఆగిపోతుంది.

పట్టే లోపే పోయింది

ఫాల్స్ స్వైప్ అనే దాడి ఎంత కొట్టినా 1 హెచ్‌పీ (ప్రాణశక్తి) మిగులుస్తుంది, కానీ అది నార్మల్ టైప్, ఘోస్ట్‌లకు తగలదు. నిద్రపుచ్చే స్పోర్ గ్రాస్ టైప్‌ల మీద పనిచేయదు. తనను తాను పేల్చుకునే పోకెమాన్‌ను వేటాడుతుంటే పేలుడును ఆపే డ్యాంప్ ఎబిలిటీ ఉన్నది ముందుంచండి. టెలిపోర్ట్ (పోరాటం వదిలి పారిపోయే ఎత్తు) తెలిసినదైతే మాటామంతీ లేకుండా మొదటి టర్న్‌లోనే క్విక్ బాల్ విసరండి.