థీసిస్ లెక్కలు తేడా వస్తున్నాయా? ముందు మాస్టర్ చార్ట్ చూడండి

హన్మకొండలో నా దగ్గరికి థీసిస్ పట్టుకుని వచ్చే మెడికల్ పీజీ విద్యార్థులు ఎక్కువమంది "అన్నా, సాఫ్ట్‌వేర్ సతాయిస్తున్నది" అనే మొదలుపెడతారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు మాస్టర్ చార్ట్‌లోనే, అంటే పేషెంట్లందరి వివరాలు గళ్లలో ఎక్కించిన షీటులోనే ఉంటుంది.

సమస్య: మీన్ (సగటు) అడిగితే రావట్లేదు

వయసు గడిలో "45 ఏళ్లు" అని ఉంటే సాఫ్ట్‌వేర్‌కి అది అంకె కాదు, మాట. బీపీ "120/80" కూడా అంతే. పై బీపీకి ఒక కాలమ్, కింది బీపీకి ఒక కాలమ్ పెట్టండి, గడికి ఒక్క విషయమే రాయండి. పరీక్ష చేయని హిమోగ్లోబిన్ దగ్గర సున్నా వేయొద్దు, ఖాళీగా వదలండి, ఎందుకంటే ఆ సున్నా కూడా లెక్కలో కలిసి సగటును కిందికి లాగుతుంది. దిద్దే ముందు అసలు షీటుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

సమస్య: స్టాండర్డ్ డీవియేషన్ మీన్ కంటే పెద్దగా వచ్చింది

దీని దగ్గర కాసేపు ఆగుదాం. స్టాండర్డ్ డీవియేషన్ అంటే అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ములుగు వైపు నుంచి పాము కాటుతో వచ్చిన పదిమంది దవాఖానలో ఉన్న రోజులు ఇలా ఉన్నాయనుకోండి: 2, 3, 3, 4, 4, 4, 5, 5, 6, 44. మీన్ 8 రోజులు, డీవియేషన్ 12.7. కానీ పదిమందిలో తొమ్మిదిమంది ఆరు రోజుల్లోపే ఇంటికి వెళ్లిపోయారు కదా, మరి "సగటున 8 రోజులు" అని రాస్తే అది ఎవరి కథ? 8లోంచి 12.7 తీసేస్తే మైనస్ రోజులు వస్తాయి, అలా ఎవరూ అడ్మిట్ అవ్వరు. ముందు కేసు షీటు తీసి ఆ 44 నిజమో, 4 రెండుసార్లు పడిందో చూడండి. నిజమే అయితే దాన్ని తీసేయకండి, ఆ మనిషి నిజంగానే అన్ని రోజులు మంచం మీద ఉన్నాడు. మీన్ బదులు మీడియన్ (వరసలో పేరిస్తే నడిమి అంకె) 4, క్వార్టైల్స్ (నడిమి సగంమంది ఉండే హద్దులు) 3 నుంచి 5 అని రాయండి.

సమస్య: పీ వాల్యూ 0.000

పీ వాల్యూ అంటే, నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా లేదా అంతకంటే ఎక్కువ కాకతాళీయంగా కనిపించే అవకాశం. అది సున్నా కాదు, సాఫ్ట్‌వేర్ పాయింటు తర్వాత మూడు అంకెలే చూపించింది. 0.001 కంటే తక్కువ అని రాయండి.

సమస్య: పీ వాల్యూ 0.05 దాటింది, టెన్షన్

శాంపిల్ (స్టడీలో తీసుకున్న పేషెంట్ల సంఖ్య) చిన్నదై ఉండొచ్చు, లేదా తేడా నిజంగానే లేకపోవచ్చు. 0.05 అనేది 1925లో రొనాల్డ్ ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు తన పుస్తకంలో వీలుగా ఉంటుందని తీసుకున్న గీత, అది దాటితే థీసిస్ పోయినట్టు కాదు. పీ తగ్గేదాకా ఒక్కో టెస్టూ మార్చి చూడటం మాత్రం దయచేసి చేయకండి, పరీక్షలకు రక్తమిచ్చిన పేషెంట్లకు అది అన్యాయం. వచ్చిన తేడాను 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌తో (అసలు తేడా ఎంత నుంచి ఎంతదాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) ఉన్నదున్నట్టు రాయండి.

శాంపిల్ సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. ఒక జబ్బు ఎంతమందిలో ఉందో చూసే స్టడీకి 4పీక్యూ బై డీ స్క్వేర్ సరిపోతుంది (ఇక్కడ పీ అంటే పీ వాల్యూ కాదు, జబ్బు శాతం; క్యూ అంటే 100లోంచి పీ తీసేస్తే మిగిలేది; డీ అంటే మనం ఒప్పుకునే తేడా): జబ్బు 20 శాతం, అటూ ఇటూ 5 శాతం తేడా ఫర్వాలేదనుకుంటే 4×20×80ని 25తో భాగిస్తే 256 మంది. రెండు గ్రూపుల్ని పోల్చే స్టడీకి ఈ ఫార్ములా వాడొద్దు, దానికి లెక్క వేరు.

సమస్య: ఏ టెస్ట్ అని గైడ్ అడిగితే మాట రావట్లేదు

అవే పేషెంట్లకు మందుకు ముందు, తర్వాత షుగర్ చూశారా? అది పెయిర్డ్ టీ టెస్ట్. వేర్వేరు మనుషులైతే అన్‌పెయిర్డ్. అవును-కాదు లెక్కలకు కై స్క్వేర్, కానీ నాలుగు గళ్ల టేబుల్‌లో ఏ గడిలోనైనా ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ (రెండింటికీ సంబంధం లేకపోతే ఆ గడిలో ఎంతమంది రావాలో ఆ లెక్క) 5 లోపు ఉంటే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్. టేబుల్‌లో కనిపించే మీ కౌంట్ కాదు, ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ చూడాలి.