పెద్దల్లో ఒకరి చేతులు ఖాళీగా ఉండాలి: యవనస్థులను నగర పరిచర్యకు తీసుకెళ్లేవారికి

గుంటూరులో మా క్రైస్తవ సంఘం యవనస్థుల కూటం బాధ్యత 11 ఏళ్లుగా నాది. దసరా సెలవుల్లో 18 మంది పిల్లలతో, నలుగురు పెద్దలతో సికింద్రాబాద్ వెళ్తాం. రాత్రిపూట గాంధీ ఆసుపత్రి బయట, రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం పెడతాం.

మొదటి ఏడు పెద్దలం నలుగురమూ పొట్లాలు పంచడంలో మునిగిపోయాం. 15 ఏళ్ల కుర్రాడొకడు నీళ్ల సీసాలు తెద్దామని రోడ్డు దాటి దారి తప్పాడు. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, నా నంబరు వాడికి నోటికి రాదు. 40 నిమిషాలు వెతికాం. వాళ్లమ్మకు ఏం చెప్పాలో తెలియక నా కాళ్లు వణికాయి. చివరికి ఒక మందుల షాపు మెట్ల మీద ఏడుస్తూ కనిపించాడు.

అప్పటి నుంచి మాదొకటే కట్టుబాటు. పెద్దల్లో ఒకరు పొట్లం పట్టుకోరు, ఫొటో తీయరు, ఎవరితోనూ కబుర్లలో పడరు. కాస్త ఎడంగా, వీలైతే మెట్టు మీద నిలబడి పిల్లల్నే చూస్తుంటారు. సేవ చేద్దామని వచ్చి ఊరికే నిలబడాలా అని కొత్తవాళ్లు బాధపడతారు. ఆ రాత్రికి మీ పరిచర్య అదేనండీ అని చెప్తాను. రోజుకొకరు ఆ పని చేస్తాం.

వెళ్లడానికి నెల ముందు ఇద్దరం పోయి చోటు చూసొస్తాం. పగలు కాదు, భోజనం పెట్టే వేళకే చూడాలి. వీధి దీపం ఎక్కడ ఆరిపోయింది, ఆటోలు ఎటు ఆగుతాయి, ఆడపిల్లలకు బాత్రూమ్ ఎక్కడ అన్నది అప్పుడే తెలుస్తుంది. అక్కడి పాస్టరుగారికి, ఆసుపత్రి సెక్యూరిటీకి, పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పి ఉంచుతాం. తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల జబ్బులు, పడని మందులు రాయించుకుంటాం. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులోనే ఉండాలి. నా నంబరు, బస చిరునామా, 112 రాసిన చీటీ కూడా ప్రతి జేబులో ఉంటుంది.

ప్రతి ఒక్కరికీ ఒక అంకె ఇస్తాం. రైలు ఎక్కినా దిగినా, రోడ్డు దాటినా, పడుకోబోయే ముందు వరుసగా ఎవరి అంకె వాళ్లు పలకాలి. ఎక్కడ నిశ్శబ్దం వస్తే అక్కడ ఆగిపోతాం. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినట్టు మార్కు 6:7లో చదువుతాం. మేం మాత్రం ముగ్గురేసి పంపుతాం. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఒకరు పెద్దల కోసం పరిగెత్తుతారు.

భోజనం దగ్గర అసలు టెన్షన్ పొట్లాలు అయిపోయేటప్పుడు. ఆకలితో ఉన్నవాళ్లు ముందుకు తోసుకొస్తారు, అది వాళ్ల తప్పు కాదు. అందుకే వీలైనచోట అందరినీ కూర్చోబెట్టి, మన పిల్లలే వరుసలో నడుస్తూ ఇవ్వాలి. 20 పొట్లాలు మిగిలాయనగానే పిల్లల్ని బండి వైపు పంపేస్తాం, చివరివి పెద్దలే పంచుతారు. విజిల్ రెండుసార్లు మోగిందంటే చేతిలో ఏమున్నా అక్కడే పెట్టి వచ్చేయాలి. తాగినవాళ్లు మీదికొచ్చినా, మతం మాట ఎత్తి ఎవరైనా కోప్పడినా పిల్లలు జవాబివ్వకూడదు. అన్నంతో పాటు కరపత్రాలు ఇవ్వం. ఆకలి తీరడానికి అది తీసుకోవాలేమో అని ఎవరికీ అనిపించకూడదని నా నమ్మకం.

కుక్క కరిస్తే పసుపు, కారం పెట్టకండి. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు తీసుకెళ్లాలి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

ఇక బస. చాలామంది పెద్దలు మాట్లాడటానికి మొహమాటపడేది ఇక్కడే. ఆడపిల్లల గదిలో ఇద్దరు అక్కలు, మగపిల్లల గదిలో ఇద్దరు అన్నలు ఉండాలి. తలుపు మూసిన గదిలో ఏ పెద్దా, పాస్టరుగారైనా సరే, ఒక పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా ఉండకూడదు. విడిగా ప్రార్థన చేయాలంటే అందరికీ కనిపించేచోట చేయండి. ఎవరి తీరైనా నచ్చకపోతే ఎవరికి చెప్పాలో బయల్దేరకముందే పిల్లలకు పేరుతో సహా చెప్పండి. 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. సంఘం పరువు పోతుందని పెద్దలు కూర్చుని సర్దేయడం నేరం. పిల్లల కోసం 1098 ఉంది. దాన్ని కూడా చీటీలో రాయించండి.

తిరిగొచ్చాక గుంటూరు స్టేషన్‌లో ప్రతి పిల్లనూ, పిల్లాడినీ ఇంటివాళ్ల చేతికే అప్పగిస్తాను, పక్కింటివాళ్లు వచ్చినా ముందు ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటాను. వారంలోపు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్తాను. అందరి ముందు సాక్ష్యంలో చెప్పలేనివి కొందరు అక్కడ, వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చెప్తారు.