గ్రీసు దీవులకు ఓడ ఎక్కే ముందు

ఆగస్టులో గ్రీసు దీవులకు వెళ్తున్నామని ఎవరైనా అంటే, తిరుగు విమానానికి ముందు రాత్రి ఎక్కడ పడుకుంటారని అడుగుతాను. ఏథెన్సులో అంటే మంచిది. శాంటోరిని దీవిలో ఉండి పొద్దున్నే పడవలో వచ్చేస్తాం అంటే మాత్రం కూర్చోబెట్టి మెల్తెమి సంగతి చెబుతాను.

మెల్తెమి అంటే జూలై, ఆగస్టుల్లో ఈజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి వీచే పొడిగాలి. మబ్బు తునక ఉండదు, ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లటి నురగలు కక్కుతుంది. కాకినాడలో పెరిగిన దాన్ని, కారుమబ్బు లేకుండా సముద్రానికి కోపం వస్తుందంటే నమ్మలేదు. నక్సోస్ దీవి రేవులో నడిఎండలో మా పడవ రద్దయింది. టికెట్ డబ్బు తిరిగి వచ్చింది. గది అద్దె మాత్రం మాదే, వాతావరణం వల్ల ఆగితే బస చూపే బాధ్యత పడవ వాళ్లకు లేదు.

గాలి పెరిగితే ముందు ఆగేవి వేగంగా పోయే కటమరాన్ అనే రకం పడవలు. ఆ పేరు తమిళ కట్టుమరం నుంచి వచ్చిందని మురిసిపోయి ఎక్కాను, గంటలో వాంతుల సంచి వెతుక్కున్నాను. పెద్ద ఓడే ఎక్కండి. ఏథెన్సు రేవు పిరేయస్ నుంచి శాంటోరినికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది కానీ, పై అంతస్తులో ఆరుబయట కూర్చోవచ్చు. కడుపులో తిప్పితే కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన చోటు చూసుకోండి. ఊపు అక్కడ తక్కువ.

ఒక్క బిగిన శాంటోరినికి పోకుండా పారోస్, నక్సోస్‌లలో ఆగుతూ దక్షిణానికి దిగండి, గాలి వెనక నుంచి తోస్తుంది. ఎదురుగాలిలో తిరిగి రావడమే కష్టం. మా వారు నడుము నొప్పి మనిషి కాబట్టి శాంటోరిని నుంచి ఏథెన్సుకు విమానంలో వచ్చాం. గంట కూడా పట్టదు.

విమానాశ్రయం నుంచి పిరేయస్‌కు మెట్రో నేరుగా వెళ్తుంది. రేవు చాలా పెద్దది. మీ గేటు నంబరు ముందే చూసుకోకపోతే పెట్టెలు ఈడ్చుకుంటూ ఎండలో కిలోమీటరు పైనే నడవాలి. ఓడలో కార్లు నిలిపే అంతస్తులోనే, దీవి పేరు రాసిన అరల్లో సామాను పెట్టిస్తారు. మందులు, పాస్‌పోర్టు చేతిసంచిలో ఉంచుకోండి. దిగాల్సిన దీవి పేరు మైకులో వినగానే కిందికి వెళ్లి నిలబడాలి. ఓడ ఆగేది కొద్ది నిమిషాలే, "ఒక్క క్షణం బాబూ" అంటే వినేవాళ్లు ఉండరు.

శాకాహారులు శాంటోరినిలో ఫావా అడగండి. పచ్చని ముద్దపప్పే వస్తుంది, పైన ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. నెయ్యి లేని లోటు నా ఆవకాయ కొంత తీర్చింది. ఆ సీసాను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పెద్ద పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే విమానాశ్రయం తనిఖీలోనే పోతుంది.