ఒక అంగుళంలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి

రెడీమేడ్ దుస్తులు ఎంచుకునేటప్పుడు బట్టను తడిమి చూడటంతో సరిపెట్టుకోకుండా, లోపలి వైపుకు తిప్పి, పక్క కుట్టు మీద స్కేలు ఆనించి, ఒక అంగుళంలో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. పలుచని షర్టుల్లో సాధారణంగా 10 నుంచి 14 దాకా, మందపాటి జీన్స్‌లో 7 నుంచి 9 దాకా ఉంటాయి. కుట్లు మరీ దూరమైతే, చంక దగ్గరా, కూర్చున్నప్పుడు బిగిసే చోటా రెండు ముక్కల మధ్య సందు విచ్చుకుని, దారం నిచ్చెన మెట్లలా అడ్డంగా బయటపడుతుంది. నా దృష్టిలో అది కొనదగిన వస్త్రం కాదు.

నిమిషానికి 4,000 కుట్లు వేసే మిషను అంగుళానికి 8 చొప్పున 500 అంగుళాలు కుడితే, 12 చొప్పున సుమారు 333 అంగుళాలే కుడుతుంది, పైగా దారమూ ఎక్కువ పడుతుంది కనుక, ఖర్చు తగ్గించుకోదలచిన తయారీదారుకు కుట్లు దూరంగా వేయడం సులువైన దారి.

అలాగని కుట్లు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదనుకోకూడదు. సూది రంధ్రాలు పక్కపక్కనే పడితే బట్ట పోగులు తెగుతాయి, పలుచని గుడ్డ కుట్టు వెంట ముడుచుకుపోతుంది, తోలైతే తపాలా బిళ్ళ అంచులా ఆ గీత మీదే చిరుగుతుంది. లెక్క చూశాక, కుట్టుకు అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగి, వదలగానే సందు మూసుకుంటుందో లేదో కూడా గమనించండి.