పక్క చేలో ఏం మందు కొట్టారో అడిగాకే మల్బరీ ఆకు కోయండి

మదనపల్లె వైపు ఒక ఊళ్లో మొన్న నాలుగో జ్వరం (పురుగు మేత మాని పొర విడిచే సమయం) లేచిన పట్టుపురుగుల బ్యాచ్ మొత్తం ఒక్క పూటలో పోయింది. పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ, పచ్చరసం కక్కుతూ ముడుచుకుపోయాయి. రోగమేమోనని ఇంటిల్లిపాదీ సున్నం చల్లారు. రోగం కాదు, పురుగుమందు. గట్టు అవతల టమాటా తోటకు సాయంత్రం మందు కొట్టారు. ఈ రైతు తెల్లారి ఆకు కోసుకొచ్చి వేశాడు.

షెడ్డు కడగడం, బ్లీచింగ్ కొట్టడం మీకు తెలిసినవే. నేను చూసినంతలో రైతును ముంచేది మాత్రం పక్క చేలోంచి గాలికి కొట్టుకొచ్చే మందే. పక్క చేలో ఏం కొట్టారో అడగకుండా ఆకు కోయొద్దు.

వానాకాలంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది. అందుకే పడమర, దక్షిణం గట్లవైపు వరసల మీద కన్నేసి ఉంచండి. క్లోరాంట్రానిలిప్రోల్ లాంటి మందు ఏమాత్రం తగిలినా పట్టుపురుగు బతకదు, ఆకులో వారాల తరబడి ఉంటుంది కూడా. వాన పడిందిగా, కడిగేసి ఉంటుందిలే అనుకుంటారు. ఆకులోకి ఇంకిన మందు వానకు పోదు.

పక్క రైతుతో ముందే మాట్లాడుకోండి. "అన్నా, మందు కొట్టే ముందురోజు ఒక్క మాట చెప్పు, ఆకు కోసి పెట్టుకుంటా" అంటే చాలామంది చెప్తారు. గొడవకు దిగితే అదీ ఉండదు. నాలుగో జ్వరం తర్వాత వచ్చే ఐదో దశ, అంటే పురుగు చివరి దశ, వారం రోజులే, కానీ మొత్తం ఆకులో 80 శాతం పైగా తినేది అప్పుడే. అప్పుడు పోతే పెట్టుబడంతా పోయినట్టే.

అనుమానముంటే గట్టు పక్క ఆకు ఇరవై పురుగులకు విడిగా వేసి ఒక రోజు చూడండి. తల ఊపాయా, ఆ వరసల జోలికి పోవద్దు.

పంటకు మందు కొట్టిన స్ప్రేయర్‌తో షెడ్డులో బ్లీచింగ్ కొట్టొద్దు. మందు డబ్బాలు మోసిన గోతాంలో ఆకు తేవొద్దు. పొగాకు నలిపిన చేత్తో ఆకు ముట్టుకోవద్దు. తడి ఆకు వేయొద్దు, ఆరబెట్టండి. జ్వరంలో ఉన్న పురుగులకు మేత వద్దు, సున్నం చల్లి పడక పొడిగా ఉంచండి. సున్నపుకట్టు రోగంతో తెల్లగా గట్టిపడ్డవి కనిపిస్తే వెంటనే ఏరి కాల్చేయండి, పెంటకుప్పలో పారేయొద్దు. పట్టుపురుగు మీద గుడ్లు పెట్టి చంపే ఊజీ ఈగ రాకుండా కట్టిన వల చిరిగితే ఇవాళే కుట్టండి. మళ్లీ చెప్తున్నా, అడగకుండా ఆకు కోయొద్దు, కూలీలతోనూ కోయించొద్దు. దోమలు ఎంత కుట్టినా షెడ్డులో కాయిల్ వెలిగించొద్దు, దానికీ పురుగులు చస్తాయి.